నాలుగో మనిషి

తడిగుడ్డ పిండుకొని రామలక్ష్మమ్మ వచ్చేసరికి స్టాఫ్‌రూమ్ బల్లమీద తుడవడానికి చోటు లేదు. బల్లనిండా ఫోటోలు పరిచి ఉన్నాయి. కన్నడ లెక్చరర్ నందీశ్, ఫైనలియర్ అమ్మాయిలు అంబిక, రంజిత వాటిమీద వంగి కాలేజీ వార్షిక సంచిక ముఖపుటకు, పై అట్టకు, ఒక ఫోటో వెతుకుతున్నారు. ఆమె ఫోటోలను కదిలించకుండా అంచులు మాత్రం తుడిచింది.

చింతామణిలోని ఆ కాలేజీలో నల్లజుట్టుతో అటెండరుగా చేరింది. ఇవాళ్టితో సర్వీసు అయిపోతుంది. పొద్దున శాలువా కప్పారు, మైసూరుపాకు పంచారు. ఆ తర్వాత ఎప్పటిలాగే గంట కొట్టింది. పొట్టి మనిషి, నుదుట సన్నటి విభూతి రేఖ. గంట కొట్టీ కొట్టీ కుడిభుజం కాస్త కిందికి దిగింది.

"ఏమ్మా, సగం ఫోటోల్లో నువ్వే ఉండావే! ఈ కాలేజీకి హీరోయిన్ నువ్వేనా?" అంది రంజిత.

"మీరు పిలిస్తేనే కదమ్మా నేనొచ్చేది."

నిజమే. ముగ్గురు కలిసి ఫోటో దిగితే ఒకరికి కీడని అక్కడ పట్టింపు. ముగ్గురు స్నేహితులు నిలబడితే చాలు, ఎవరో ఒకరు వరండాలోకి కేకేసేవారు: "రామలక్ష్మమ్మా, రా, ముగ్గురమే ఉండాము!" చేతిలో చీపురుంటే చీపురుతోనే పరుగెత్తి చివర నిలబడేది.

ఆ పరుగుకు కారణం ఉంది. పెళ్ళైన కొత్తల్లో బాగేపల్లి స్టూడియోలో భర్త మునిశామప్ప, ఒళ్ళో బిడ్డ, తాను ముగ్గురూ ఫోటో దిగారు. స్టూడియో ఆయన వద్దంటే మునిశామప్ప నవ్వాడు. ఆ ఏడే అతను బోరు మోటారు దగ్గర కరెంటు కొట్టి పోయాడు. ఫోటోకీ మోటారుకీ ఏం సంబంధం? దేవుడు తలలు లెక్కపెట్టి మనుషుల్ని తీసుకుపోతాడా? దీపం పెట్టిన ప్రతిసారీ అడగాలనుకునేది, అడగకుండానే దండం పెట్టుకునేది. కానీ ఆ కేక వినబడితే మాత్రం కాళ్ళు నిలిచేవి కావు.

"ఇదీ ఫోటో అంటే!" అంటూ నందీశ్ ఒకటి పైకి తీశాడు. కాలేజీలో పట్టుపురుగులు పెంచే గదిలో రంజిత, ఇంకో ఇద్దరమ్మాయిలు, పసుపుపచ్చటి పట్టుగూళ్ళున్న వెదురు తట్టను పట్టుకొని పగలబడి నవ్వుతున్నారు. చివర రామలక్ష్మమ్మ, కళ్ళు సగం మూసుకొని ఉంది.

"ఈ చివర కత్తిరిస్తే సరిపోతాది," అని నందీశ్ అంచు వెనక్కి మడిచాడు. రామలక్ష్మమ్మ మడత వెనక్కి పోయింది.

బల్ల తుడుస్తున్న చెయ్యి ఆగింది. గుర్తింపు కార్డుమీద తప్ప ఆమె బొమ్మ ఎక్కడా అచ్చుకాలేదు. అట్టమీద పడితే ఎట్లుంటుందోనని ఒక్క క్షణం ఆశపడింది. ఆశపడినందుకు సిగ్గుపడింది.

"సార్, ఇప్పుడు ముగ్గురమైపోయినాము! మా అమ్మ ఈ పుస్తకాన్ని గడప దాటనీదు," అంది రంజిత.

"అదంతా మూఢనంబికె, వట్టి గుడ్డి నమ్మకం. డిగ్రీ చదువుతాండారా, ఏం చేస్తాండారు?"

"మరి మొన్న స్టాఫ్ ఫోటోకి రామలక్ష్మమ్మని కేకేసింది ఎవరు సార్?" అని అంబిక అడిగింది. నందీశ్ దగ్గాడు.

"నన్ను తీసేయప్పా, ఏమీ కాదు," అంది రామలక్ష్మమ్మ మెల్లగా. "నా చోట ఇంకో బిడ్డనెవరినన్నా అతికించండి. ముగ్గురు మాత్రం వద్దు."

అంబిక మడిచిన ఫోటోను దగ్గరికి లాక్కొని చూసింది. "సార్, వీళ్ళు ఎవరిని చూసి నవ్వుతాండారు?"

నందీశ్ వంగాడు. ముగ్గురి చూపూ కెమెరా వైపు లేదు, మడత వైపు ఉంది. ఉత్త అంచును చూసి నవ్వుతున్నట్టుంది.

"ఆ పొద్దు ఏమన్నావమ్మా నువ్వు?" అని నందీశ్ రామలక్ష్మమ్మను అడిగాడు.

"ఏముండాది? కండ్లు మూసుకుంటే కూడా నేను లెక్కకొస్తానా అప్పా అని ఫోటో తీసే ఆయన్ని అడిగితిని."

రంజితకు మళ్ళీ నవ్వాగలేదు. నందీశ్ కూడా నవ్వి మడత విప్పాడు. "ముఖపుట ఇదే. కత్తిరించేది లేదు."

"కండ్లు మూసుకోనుండాయి కదప్పా!"

"ఉండనీ."

సాయంత్రం ఆఖరి గంట కొట్టి, స్టాఫ్‌రూమ్ తప్ప గదులన్నిటికీ తాళాలు వేసింది. సొంతూరు దిబ్బూరహళ్ళిలో కొడుకు పట్టుపురుగులకు మల్బరీ ఆకు తరుగుతుంటాడు. రేపటినుంచి తానూ ఆ పనిలో ఒక చెయ్యి వెయ్యాలి.

"పుస్తకం అచ్చయితానే బస్సులో పంపిస్తానమ్మా," అంది గేటు వైపు వెళ్తున్న అంబిక.

"పంపించద్దు. నువ్వే తీసుకోని రా, అన్నం తిని పోదువు."

స్టాఫ్‌రూమ్‌లో ఎవరూ లేరు. ఫ్యాను గాలికి ఆ ఫోటో అంచు పైకి లేస్తోంది. బొటనవేలితో అదిమింది. మళ్ళీ లేచింది. కాసేపు తన సగం మూసిన కళ్ళవైపే చూసింది. దేవుణ్ణి అడగవలసిన మాట గుర్తుకు వచ్చింది గాని, ఇవాళ అంత తొందర అనిపించలేదు. శాలువా చంకన పెట్టుకొని బస్సుకు బయలుదేరింది.

ఫోటోలో ముగ్గురికీ నాలుగోమనిషికీ నడుమ పడిన మడతమీద, అది చదునయ్యేటట్టు, కాలేజీ తాళాల గుత్తి ఉంది.