రెండో జడ

ఎడమవైపు జడ అల్లడం పూర్తయింది. దైవాధీనం నోట కరుచుకున్న ఎర్ర రిబ్బను తీసి, జడను మడిచి పైకెత్తి, ముడి వేశాడు. అది అందరూ వేసే పువ్వు ముడి కాదు. ఒక మడత పెట్టి, కొసను దానిలోంచి తిప్పి లాగి బిగించే లారీ తాడు ముడి. కెజియా బడిలో తొక్కుడుబిళ్ల ఆడినా, పరుగు పందేలు పెట్టుకున్నా అది ఊడదు. సాయంత్రం ఇంటికొచ్చాక కొస పట్టుకుని ఒక్క లాగు లాగితే మొత్తం విడిపోతుంది. మూడో తరగతిలో మిగతా ఆడపిల్లల రిబ్బన్లన్నీ అన్నాల బెల్లుకే మెడ మీద వేలాడుతుంటాయి. "మీ ఇంట్లో ఇంత గట్టిగా ఎవరు కడతారే?" అని టీచరు ఒకసారి అడిగితే, "మా నాన్న" అని చెప్పిందట కెజియా. క్లాసంతా నవ్వితే, ఎందుకు నవ్వుతున్నారో దానికి అర్థం కాలేదట.

వంటింటి గుమ్మంలో శాంతి నిలబడి చూస్తోంది. చేతిలో గరిటె ఉంది, పొయ్యి మీద కూర సంగతి మరిచిపోయింది. కువైట్ నుంచి వచ్చి నలభై రోజులైంది. వచ్చిన దగ్గర్నుంచీ రోజూ పొద్దున్నే అలాగే నిలబడి చూస్తుంది.

ఆమె వెళ్లేటప్పటికి కెజియాకు రెండున్నరేళ్లు. తుపానుకు రేకులు లేచిపోయిన ఇంటికి శ్లాబు వేయించుకుందామని వెళ్లిన మనిషి, ఆ వీసా అయ్యాక ఇంకో వీసా, ఆపైన ఇంకోటి అంటూ ఐదున్నరేళ్లు ఉండిపోయింది. మధ్యలో ఒక్కసారి నెల రోజుల సెలవు మీద వస్తే, పిల్ల ఆ నెలలో సగం మంచం కిందే గడిపింది. ఫోనులో మాత్రం రోజూ "అమ్మా" అని కబుర్లు చెప్పేది. ఇప్పుడు ఆ ఫోనులో మనిషి ఎదురుగా వచ్చి నిలబడితే ఏమని పిలవాలో తోచనట్టు, ఈ నలభై రోజుల్లో ఒక్కసారి కూడా నోరారా పిలవలేదు. అన్నం పెడితే తింటుంది, ఏదైనా అడిగితే తలూపుతుంది. జడ దగ్గరికి వచ్చేసరికి మాత్రం తల రెండు చేతులతోనూ పట్టుకుని నాన్న దగ్గరికి పరిగెడుతుంది.

వచ్చే శుక్రవారానికి శాంతికి తిరుగు టికెట్టు ఉంది. మిల్లులో బస్తాలు మోసే ముఠా కూలి ఒక్కటే ఇంటికి చాలదు, కాబట్టి ఆమె ఆగిపోవాలంటే దారి ఒక్కటే. ముఠా పని మానేసి దైవాధీనం లారీ ఎక్కాలి. మిల్లు యజమాని మధుసూదనరావు గారు కేరళకు బియ్యం తోలే బండికి రెండో డ్రైవరుగా రమ్మంటున్నారు. వెళ్లిరావడానికి ఎనిమిది తొమ్మిది రోజులు, ఇంటిదగ్గర ఒకటో రెండో రోజులు, మళ్లీ బండి. ఇద్దరిలో ఎవరో ఒకరే ఇంటిపట్టున ఉండగలరు. ఆ ఒక్కరూ ఎవరో ఇవాళ సాయంత్రం బండి బయల్దేరేలోగా తేల్చాలి.

ఫోను మోగింది. మబ్బు పట్టింది, వాన పడేలోగా లోడు ఎక్కించాలి, త్వరగా రమ్మని మిల్లు నుంచి కబురు. దైవాధీనం కుడివైపు జుట్టు దువ్వడం మొదలుపెట్టి ఆగిపోయాడు. గుమ్మంలో శాంతిని చూశాడు. లేచి నిలబడ్డాడు.

"రెండోది అమ్మ వేస్తుందిలే" అన్నాడు పిల్లతో.

"వద్దు" అంది కెజియా, పీట మీద నుంచి కదలకుండా.

"నాకు టైమైపోయింది తల్లీ."

అతనికి టైము కాలేదు. ఆ సంగతి అతనికీ తెలుసు, శాంతికీ తెలుసు. అయిదు నిమిషాలు ఆగితే మిల్లేమీ మునిగిపోదు. అయినా చెప్పులు తొడుక్కుని, మోపెడ్ స్టార్ట్ చేసి, వెనక్కి చూడకుండా రోడ్డెక్కాడు. వెనక పిల్ల ఏడుపు మొదలైంది. చల్లపల్లి రోడ్డు మీద లారీలూ బస్సులూ అంత రొద చేస్తున్నా, ఆ ఏడుపు చాలాదూరం అతని చెవుల్లోనే ఉంది.

మచిలీపట్నం శివార్లలో, గూడూరు వెళ్లే రోడ్డు పక్కన మిల్లు. దైవాధీనం పదహారేళ్లుగా అక్కడ ముఠాలో పనిచేస్తున్నాడు. బస్తా ఎత్తడంలో అతన్ని మించినవాళ్లు ఆ ముఠాలోనే నలుగురున్నారు. కానీ లోడు మీద టార్పాలిన్ పట్టా కప్పి తాళ్లు బిగించే పనిలో అతని తర్వాతే ఎవరైనా. పొట్టిగా, గట్టిగా ఉంటాడు. అరచేతుల్లో తాడు ఒరుసుకుని కాయలు కాచిన రెండు గీతలు ఉంటాయి, ఎంత సబ్బు పెట్టినా పోవు. అతను కట్టిన బండి ఘాటు రోడ్డులో ఎంత కుదిపినా పట్టా చెంగు కూడా లేవదని డ్రైవర్లు చెప్పుకుంటారు. అన్ని ఊళ్లకు వెళ్లే లోడు అతనే కడతాడు, ఏ ఊరూ అతను చూడలేదు. హెవీ లైసెన్సు తీసుకుని ఎనిమిదేళ్లు దాటింది. యార్డులో బండ్లు ముందుకీ వెనక్కీ పెట్టడానికి తప్ప అది ఎందుకూ పనికిరాలేదు. దూరాలు తిరిగే బండి మీద లైనెక్కుదామనుకున్న ఏడాదే కెజియా పుట్టింది. ఆ తర్వాత శాంతి వెళ్లింది. తల్లి జ్ఞానమ్మకు చూపు మందగించింది. ఇక పసిపిల్లను వదిలి ఎక్కడికి పోతాడు?

జడ వేయడం కూడా ఈ మిల్లులోనే నేర్చుకున్నాడు. మధ్యాహ్నం అన్నాలయ్యాక అందరూ బస్తాల నీడన నడుం వాలిస్తే, అతను మూడు పురికొసలు ఒక బస్తాకు కట్టి అల్లుతూ కూర్చునేవాడు. ముఠావాళ్లు ఊరుకుంటారా? "బస్తాకి పూలు కూడా పెట్టవయ్యా" అనేవారు. "పెళ్లిచూపులెప్పుడు?" అనేవారు. వాళ్లతో పాటు తనూ నవ్వి, అల్లింది విప్పి మళ్లీ మొదటినుంచీ అల్లేవాడు. పది రోజుల్లో వచ్చేసింది. ఇంకెవరైనా అయితే పిల్లకు క్రాపు కొట్టించి చేతులు దులుపుకునేవాళ్లు. ఆ మాట చాలామంది చెప్పారు కూడా. "వాళ్లమ్మ ఫోనులో దాని జుట్టు ఎంత పెరిగిందని అడుగుతుందండీ" అనేవాడు. ఆ తర్వాత ఎవరూ ఏమీ అనలేదు.

లోడు ఎక్కేసరికి పదకొండయింది. పట్టా పరిచారు. దైవాధీనం పైకెక్కి తాడు అవతలికి విసిరాడు, దిగి వచ్చి కొక్కేనికి వేశాడు, మడత పెట్టాడు, పాదం బాడీకి తన్నిపెట్టి ఒళ్లంతా వెనక్కి వాల్చి లాగాడు. చెమట తుడుచుకుందామని చొక్కా జేబులో చేతిరుమాలు కోసం చూస్తే చేతికి దువ్వెన తగిలింది.

ఆకుపచ్చ దువ్వెన, రెండు పళ్లు ఊడిపోయింది. పొద్దున పిల్ల తల దువ్వుతూ లేచినవాడు, అలవాటు చొప్పున జేబులో వేసుకుని వచ్చేశాడు. ఇంట్లో చిక్కు తీసే దువ్వెన అదొక్కటే. పని అప్పజెప్పి పనిముట్టు పట్టుకొచ్చేసిన తన తెలివికి తనకే సిగ్గేసింది. ఒకవైపు జడ, ఒకవైపు విరబోసిన జుట్టుతో బడిలో కూర్చున్న కెజియా కళ్లముందు మెదిలింది. దువ్వెనను మళ్లీ జేబులో వేసుకుని తాడు అందుకున్నాడు.

"ఏం తేల్చుకున్నావు అల్లుడూ?" టైరు మీద కాలు పెట్టి శామ్యూల్ రాజ్ అడిగాడు. ఆ బండికి పెద్ద డ్రైవరు, వరస కలిపి పిలుచుకోవడమే తప్ప చుట్టం కాదు. ముప్పై ఏళ్లుగా లైను మీద ఉన్న మనిషి.

"తేలట్లేదు మావయ్యా. నేనుంటే శాంతి వెళ్లిపోవాలి. నేను వెళ్తే పిల్ల బెంగ పెట్టుకుంటుంది. వాళ్లమ్మని దగ్గరికే రానివ్వట్లేదు."

శామ్యూల్ రాజ్ బీడీ తీసి, వాన చినుకు పడితే మళ్లీ జేబులో పెట్టుకున్నాడు. "నీకు బండొచ్చా అని నేనడగను. ఈ యార్డులో నువ్వు వెనక్కి పెట్టినంత శుభ్రంగా నేను కూడా పెట్టలేను. నే చూసేది ఒకటే. ఇంట్లో నీ సీటు ఉంది కదా, నువ్వు అందులోంచి లేవకుండా ఇంకోళ్లు ఎట్లా కూర్చుంటారు?"

దైవాధీనం తాడు కొసను ఇంకోసారి తిప్పి బిగించాడు.

"లేవమని చెప్పట్లేదు నేను. మా పెద్దమ్మాయికి ఏడాది నిండకుండా లైనెక్కాను. దాని పెళ్లికి కూడా ముందురోజే బండి దిగి ఇంటికొచ్చాను. ఈ పనిలో అది కూడా ఉంది. అన్నీ చూసుకునే చెప్పు."

మూడింటికి మధుసూదనరావు గారు ఆఫీసు మెట్ల మీదకు వచ్చి, "ఏమయ్యా, అవునా కాదా?" అన్నారు.

"బండి మా ఇంటి ముందునుంచే వెళ్తుంది కదండీ. నేను రోడ్డు మీద నిలబడి ఉంటే ఎక్కించుకోమనండి. లేకపోతే లేదండీ."

"ఇదేం లెక్కయ్యా?" అని ఆయన శామ్యూల్ రాజ్ వైపు చూశారు.

"పర్లేదండీ. రాకపోతే ఒంగోల్లో ఇంకొకణ్ణి ఎక్కించుకుంటాను" అన్నాడు శామ్యూల్ రాజ్.

దైవాధీనం ఇంటికి చేరేసరికి నాలుగున్నర. చినుకులు ఆగాయి. రోడ్డుకు అవతల పొలాల్లో నాట్లు వేస్తున్నారు. పాక కింద మంచం మీద కూర్చున్న జ్ఞానమ్మ మోపెడ్ చప్పుడు విని తల ఎత్తింది.

"దువ్వెన నువ్వే పట్టుకుపోయావా?"

"మర్చిపోయానే అమ్మా."

"బాగానే మర్చిపోయావు. పది నిమిషాలు ఏడ్చిందిరా. ఈలోగా ఆటోవాడు హారను కొట్టాడు. ఇంక అత్తా కాదు, కోడలూ కాదు, ముగ్గురం ఇల్లంతా దువ్వెన కోసం వెతుకులాటే. మంచాల కింద, బియ్యం డబ్బాలో కూడా చూశారు తల్లీ కూతుళ్లు. నా పేల దువ్వెన ఇస్తే ఇద్దరూ ఒకేసారి వద్దన్నారు. చివరికి శాంతి వేళ్లతోనే చిక్కు తీసి అల్లింది. కూర్చోబెట్టుకుంటే కూర్చుంది మరి."

దైవాధీనం లోపలికి వెళ్లబోయి కిటికీ దగ్గర ఆగిపోయాడు. లోపలినుంచి కెజియా గొంతు వినిపిస్తోంది. కోపంగా ఉంది.

"అన్నాల బెల్లుకే ఊడిపోయింది. ఎంత సిగ్గేసిందో తెలుసా?"

"పువ్వు ముడి వేశానమ్మా, అందుకే ఊడింది" అంటోంది శాంతి.

"అట్లా కాదమ్మా. మడత ముందు పెట్టాలి. ఇప్పుడు కొస లోపల్నుంచి తియ్యి. ఆఁ, లాగు. ఇంకా లాగు. నాన్న అయితే ఇంకా గట్టిగా లాగుతాడు."

కిటికీ ఊచకు ఎర్ర రిబ్బను కట్టి ఇద్దరూ ముడి వేస్తున్నారు. విప్పుతున్నారు, మళ్లీ వేస్తున్నారు. శాంతి కుడిచేతి మీద కువైట్‌లో ఇస్త్రీపెట్టె తగిలి కాలిన మచ్చ ఉంది. ఆ చేతిమీద చిన్న చెయ్యి వేసి కెజియా దారి చూపిస్తోంది. అమ్మా అని అన్నట్టు దానికి తెలియనే తెలియదు. కసురుతున్న సందడిలో అనేసింది. పరాయివాళ్లను ఎవరూ అలా కసరరని దైవాధీనానికి అనిపించింది. సంతోషమేసింది. ఆ వెంటనే, తను వెళ్లాల్సిందేనని అర్థమైంది. పిల్ల తనకోసం ఏడిస్తే కాళ్లు ఆగిపోయేవి. ఇప్పుడు ఆగడానికి సాకు లేదు. అయిదున్నరేళ్లు ఎవరికీ అందకుండా రెండు చేతులతో పట్టుకున్న పని, వాళ్లిద్దరూ మెల్లగా తన చేతుల్లోంచి తీసుకుంటున్నారు. తీసుకోనివ్వాలి మరి.

లోపలికి వెళ్లి రెండు జతల బట్టలు సంచిలో పెట్టుకున్నాడు. శాంతి చూసింది. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి గానీ ఏడవలేదు.

"నేనే వెళ్తాలే బావా. ఇన్నాళ్లూ వెళ్లలేదా?" అంది మెల్లగా.

"చాల్లే, వెళ్లింది. టికెట్టు వద్దని ఏజెంటుకి చెప్పెయ్యి."

"నాన్నా, ఎక్కడికి?" అంది కెజియా.

"లారీ నడపడానికి. ఎనిమిది తొమ్మిది రోజుల్లో వచ్చేస్తా."

"మరి జడ?"

"అమ్మకి నేర్పావుగా."

"ఇంకా సరిగ్గా రాలేదు."

"వస్తుందిలే. నాకు వచ్చేటప్పటికి పది రోజులు పట్టింది."

అతను కిటికీ దగ్గరికి వెళ్లి, లోడు తాడును పరీక్షించినట్టే రిబ్బనును పట్టి గట్టిగా లాగి చూశాడు. కాస్త వంకరగా ఉంది గాని ముడి జారలేదు. విప్పకుండా అలాగే వదిలేశాడు. జ్ఞానమ్మ అందరినీ దగ్గరికి పిలిచి, కొడుకు తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసింది. బండినీ, దారినీ, ఎదురొచ్చే బండ్లనూ కూడా దేవుడికి అప్పజెప్పింది. ఆమె ఆమేన్ అనేలోగా రోడ్డు మీద హారను వినిపించింది.

శాంతి సంచి అందిస్తూ, "నువ్వు రోడ్డు చూసుకో. ఇది నేను చూసుకుంటాను" అంది. కెజియా ఏడవలేదు. వాళ్లమ్మ కొంగు పట్టుకుని, లారీ ఎంత ఎత్తుందోనని నోరు తెరిచి చూస్తోంది. దైవాధీనం పరుగున రోడ్డు మీదికి వెళ్లి నిలబడ్డాడు. శామ్యూల్ రాజ్ బండి ఆపి, తలుపు తీసి, ఏమీ అనకుండా సీటు మీద తువ్వాలు పక్కకు జరిపాడు.

చల్లపల్లి దాటారు, మోపిదేవి దాటారు. పులిగడ్డ వంతెన కింద కృష్ణ కొత్తనీటితో ఎర్రగా పారుతోంది. అవతలి ఒడ్డుకు చేరాక శామ్యూల్ రాజ్ బండి పక్కకు ఆపి, "కూర్చో అల్లుడూ" అని దిగాడు. దైవాధీనం సీటు సర్దుకున్నాడు, అద్దం తిప్పుకున్నాడు. తను కట్టిన తాళ్లు అద్దంలో వరసగా కనిపించాయి. అలవాటు చొప్పున చెయ్యి చొక్కా జేబు తడుముకుంది.

జేబు ఖాళీగా ఉంది. బయల్దేరే ముందు గుర్తుపెట్టుకుని తీసి పెట్టి వచ్చాడు. కిటికీ గట్టు మీద, ముడి వేసిన ఎర్ర రిబ్బను కింద, రెండు పళ్లు ఊడిన ఆకుపచ్చ దువ్వెన.