కుటుంబ సభ్యుల సంఖ్య

"తల కదపకమ్మా, దువ్వెన గుచ్చుకుంటుంది," అంటూ ఆమె మంచం మీద ఒక మోకాలు ఆనించి తల్లి తల దువ్వుతోంది. ఎనభై మూడేళ్ల తల. మిగిలిన జుట్టంతా కలిపినా చిటికెన వేలంత జడ రాదు. అయినా రోజూ ఏడుంపావుకి దువ్వి, మూడు పాయలు తీసి అల్లి, చివర నల్ల రబ్బరు బాండు చుట్టాలి. లేకపోతే తల్లి జావ ముట్టదు. ఏడున్నరకి జావ, ఎనిమిదింటికి మాత్రలు, ఎనిమిదీ పదికి బస్సు.

"వెళ్లేటప్పుడు తలుపు గడియ పెడతావేమో, పెట్టకు," అంది తల్లి.

"పెట్టను."

"మీ నాన్న వస్తే బయట నిలబడాలి."

"వస్తారులే. ముప్ఫై తొమ్మిదేళ్లుగా దార్లోనే ఉన్నారుగా."

"నీ వంట గుర్తొచ్చి మధ్యలో ఆగిపోయుంటారు," అంది తల్లి. మతిమరుపు వచ్చి నాలుగేళ్లయినా నోటి దురుసు మాత్రం ఎక్కడికీ పోలేదు.

ఆమె నవ్వలేదు. జడ చివర బాండు కాస్త గట్టిగానే బిగించింది. తల్లి చురుక్కుమని తల వెనక్కి లాక్కుంది. ఇద్దరూ దాని గురించి ఏమీ అనుకోలేదు. రోజూ ఉండేదే.

పక్కింటి టైలరమ్మ రెండేళ్ల కిందట తన కుట్టుమిషన్ని వీళ్ల ముందు గదిలోకి మార్చుకుంది. అద్దె ఇవ్వక్కర్లేదు, పగలంతా ముసలావిడని కనిపెట్టుకుని ఉండాలి, అదీ ఒప్పందం. ఆమె చెప్పులు వేసుకుంటుంటే టైలరమ్మ నోట్లోని గుండుసూదులు తీసి, "పిన్నీ, ఈరోజు ఆలస్యమవుతుందా?" అని అడిగింది.

"ఆఖరి తేదీ. ఐదింటిదాకా నా ఫోను సొరుగులో ఉంటుంది. ఏదైనా ఉంటే ఆఫీసు నంబరుకి చెయ్యి."

"ఆ నంబరు ఎప్పుడు కలిసి చచ్చింది గనక?" అని టైలరమ్మ మళ్లీ సూదులు నోట్లో పెట్టుకుంది.

విద్యాశాఖ కార్యాలయంలో రెండో అంతస్తు చివర ఉంటుంది ఆరో గది. కిటికీ తెరిస్తే పక్క భవనం గోడ. గోడ మీద ఏసీ నీళ్లు కారి పచ్చగా నాచు పట్టింది. ఒక బల్ల, ఒక కంప్యూటరు, రెండు ఇనప బీరువాలు, ఒక లాండ్ ఫోను. ముప్ఫై ఎనిమిదేళ్ల కిందట టైపిస్టుగా ఈ గదిలోకి వచ్చింది. టైపు మిషను పోయింది, ఆమె మిగిలింది.

ఆమె కింద నలభై మూడు హైస్కూళ్లు. ప్రతి స్కూలుకీ ఒక కౌన్సెలరు. పేరుకే కౌన్సెలరు. ఒకచోట డ్రిల్లు మాస్టారు, ఒకచోట లైబ్రరీ చూసే ఆవిడ, అందరూ ఉన్న పని మీద ఈ పని నెత్తిన పడ్డవాళ్లే. చివరి తరగతి పిల్లలు ఏ యూనివర్సిటీకి దరఖాస్తు పెట్టాలో, ఆర్థిక సహాయం ఫారం ఎలా నింపాలో వాళ్లు పిల్లలకి చెప్పాలి. వాళ్లకి ఈమె చెప్పాలి. కౌన్సెలర్లందరూ ఆమెని ఆరో గది అక్క అంటారు. పిల్లలు మాత్రం ఆమె ముఖం ఎరగరు. సీట్లొచ్చిన పిల్లలు స్వీట్లు పట్టుకుని స్కూలుకి వెళ్తారు, ఆరో గదికి ఎవరొస్తారు?

ఆ రోజు పొద్దున్నుంచి ఫోను కింద పెట్టింది లేదు. ఒక స్కూలు నుంచి ముప్ఫై ఒక్క సిఫార్సు లేఖలు వచ్చాయి. ముప్ఫై ఒకటీ ఒకటే లేఖ, పేర్లు మాత్రం వేరు. "కష్టపడే స్వభావం, పెద్దల పట్ల గౌరవం."

"మాస్టారూ, ఈ ముప్ఫై ఒక్కమందీ ఒకే అమ్మ కడుపున పుట్టారా?" అంది అక్క ఫోనులో.

"అంటే... అందరూ మంచి పిల్లలేనండి."

"మంచి సంగతి నాకెందుకు? ఒక్కొక్కళ్లూ చేసిన అల్లరి ఒక్కటి చెప్పండి. నేను రాసుకుంటాను." గంటన్నర పట్టింది. అవతలి మనిషికి ముప్ఫై ఒక్కమందిలో తొమ్మిదిమంది ముఖాలు గుర్తే లేవు.

పదకొండింటికి ఇంకో స్కూల్లో కౌన్సెలరుగా ఉన్న డ్రాయింగ్ మాస్టారు పంపిన కట్ట విప్పింది. చివర్న ఒక అమ్మాయి ఫైలు. మార్కులు చూసి అక్క కళ్లజోడు సర్దుకుంది. లెక్కల్లో నూటికి తొంభై ఎనిమిది. ఫారంలో కుటుంబ సభ్యుల సంఖ్య: నాలుగు. తండ్రి: లారీ డ్రైవరు. జతచేసిన ఆదాయ పత్రం తొమ్మిదేళ్ల కిందటిది. కొత్త పత్రం లేకపోతే కంప్యూటరు ఈ ఫైలుని అసంపూర్తి అని పక్కకి నెట్టేస్తుంది. సహాయం రాదు. సహాయం రాకపోతే వచ్చిన సీటు ఉత్తరం ముక్కే.

తర్వాత పిల్ల రాసిన వ్యాసం చదివింది. "రాత్రిళ్లు అమ్మ, నేను, చెల్లి ఒకే చాప మీద పడుకుంటాం. చెల్లి మధ్యలో పడుకుంటుంది కాబట్టి దీపం నా వైపే ఉంటుంది." అక్క వేలు ఆ వాక్యం మీద ఆగింది. ముగ్గురు.

కౌన్సెలర్లకి ఏటా ఇచ్చే శిక్షణలో ఆమె గొంతు పోయేలా చెప్పేది ఇదే. ఇంట్లో ఎంతమంది అని తల్లుల్ని అడగకండి. నిన్న రాత్రి ఇంట్లో ఎంతమంది నిద్రపోయారు అని అడగండి. వదిలి వెళ్లిపోయినవాళ్లని లెక్కలోంచి తీసెయ్యడానికి తల్లులకి చెయ్యి రాదు.

"మాస్టారూ, మీరు అడగాల్సింది అడగలేదు," అంది ఫోనులో.

"అడగబోయానక్కా. ఆవిడ కాలే ఇస్త్రీపెట్టెలా చూసింది."

"తండ్రి విడిగా ఉంటున్నాడని తల్లి రాసిచ్చే కాగితం ఒకటి ఉంది. నీలం రంగుది. అది పెడితే ఫైలు నిలుస్తుంది. నా ఎదురుగా సంతకం పెట్టించాలి. తల్లీకూతుళ్లిద్దర్నీ తీసుకురండి."

"డ్యూటీలో ఉంటుందక్కా. మూడు దాటితే గానీ వదలరు."

"మూడు దాటాకే తీసుకురండి. ఐదింటికి దరఖాస్తుల సైటు మూసుకుపోతుంది."

మూడూ ఇరవైకి వచ్చారు. డ్రాయింగ్ మాస్టారి చొక్కా జేబు మీద ఎర్ర రంగు మరక. వెనక ఆస్పత్రి లాండ్రీలో పనిచేసే తల్లి. నలభై ఉంటాయేమో, చేతులు మాత్రం బ్లీచింగు నీళ్లకి తెల్లబడి, ముడతలు పడి అరవై ఏళ్లవిలా ఉన్నాయి. కూతురు సన్నగా, పొడుగ్గా, తల్లి వీపు చాటున నిలబడింది.

"కూర్చోండమ్మా," అంది అక్క. ఫోను మోగింది. రిసీవరు ఎత్తి, మాట్లాడకుండా బల్ల మీద పక్కకి పెట్టేసింది. నీలం కాగితం ముందుకి జరిపి విషయం చెప్పింది.

లాండ్రీ ఆవిడ కాగితం ముట్టుకోలేదు. "విడిగా ఉంటున్నాడని ఎవరన్నారు? పని మీద వెళ్లాడు."

అక్క చేతిలో పెన్ను ఆగిపోయింది. సరిగ్గా ఆ మాటే. ముప్ఫై తొమ్మిదేళ్ల కిందట హెడ్‌మిస్ట్రెస్ ఇలాంటి కాగితమే పట్టుకుని మూడుసార్లు ఇంటికి వచ్చినప్పుడు, అమ్మ కత్తిపీట ముందు నుంచి లేవకుండా అన్న మాట.

"ఎన్నేళ్లయింది వెళ్లి?"

"తొమ్మిది," అంది కూతురు. తల్లి దాని వైపు చురచురా చూసింది.

"నిన్న రాత్రి మీ ఇంట్లో ఎంతమంది నిద్రపోయారమ్మా?"

"మా పడకల లెక్క మీకెందుకు?"

డ్రాయింగ్ మాస్టారికి దగ్గొచ్చి, కిటికీలోంచి నాచు చూస్తూ నిలబడ్డాడు. గోడ గడియారం మూడూ నలభై చూపిస్తోంది. అక్క ఎప్పుడూ చెప్పే మాటలు చెప్పింది. ఇది విడాకుల కాగితం కాదు, కోర్టుకి వెళ్లదు, బీరువా దాటి బయటికి రాదు. ఆవిడ తల అడ్డంగానే ఊపుతోంది. చివరికి అక్క కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టింది.

"మా అమ్మా పెట్టలేదు," అంది. "నాకూ సీటొచ్చింది. లెక్కల్లోనే. సంతకం లేక సహాయం రాలేదు, టైపు నేర్చుకుని ఈ గదిలోకొచ్చాను. మీ అమ్మాయి కూడా ఇలాగే ఎక్కడో కూర్చుని ఊళ్లోవాళ్ల పిల్లల ఫారాలు దిద్దుకుంటుంది. ముసలితనంలో మిమ్మల్ని అదే చూసుకుంటుంది, భయం లేదు. పొద్దున్నే తల దువ్వుతుంది. దువ్వుతూ దువ్వుతూ దెప్పుతుంది. నేను దెప్పుతాను మా అమ్మని. ఒక్కరోజు కూడా మానను."

డ్రాయింగ్ మాస్టారు వెనక్కి తిరిగాడు. పదకొండేళ్లలో అక్క సొంత మాట ఆయన వినడం ఇదే.

లాండ్రీ ఆవిడ కుర్చీ ముందుకి జరుపుకుంది. "మీ అమ్మ ఉందా?"

"ఉంది."

"ఎందుకు పెట్టలేదో అడిగావా?"

"అడిగేదేముంది. పరువు."

"పరువా!" ఆవిడ నవ్వు లాంటిదేదో నవ్వింది. "ఆస్పత్రిలో రోగుల దుప్పట్లు ఉతుకుతాను నేను. నాకేం పరువమ్మా? వాడు వెళ్లిపోయాడు. అది వాడు చేసిన పని. దీని మీద సంతకం పెట్టాననుకో, అప్పుడు పంపించేసింది నేనవుతాను. రేపు ఈ పిల్లలు పెద్దయి, మా నాన్న పేరు తీసేసిందెవరంటే నా చేతిరాత చూపిస్తారు. పిల్లల దగ్గర దోషిలా నిలబడలేక పెట్టను. మీ అమ్మ కూడా నీకు భయపడే పెట్టలేదేమో. ఇన్నేళ్లు దెప్పావు గానీ, ఒక్కసారి అడగలేకపోయావా?"

బల్ల మీద పడి ఉన్న రిసీవరు సన్నగా కూస్తోంది.

"నేనలా అననమ్మా," అంది కూతురు. "నాకు ఆయన ముఖం కూడా సరిగ్గా గుర్తు లేదు."

తల్లి కాగితం దగ్గరికి లాక్కుంది. అక్షరం పక్కన అక్షరం పేర్చుకుంటూ సంతకం పెట్టింది. పెన్ను మూత పెట్టి, "తీసుకోండి. ఇంక వాడు మా ఇంట్లో లేడు," అని లేచి, ఎవరికోసం ఆగకుండా మెట్లు దిగిపోయింది. పిల్ల వెనకే పరిగెత్తింది. థాంక్సు చెప్పాలని దానికి తోచలేదు. అక్క కూడా ఎదురుచూడలేదు.

ఫారంలో నాలుగు కొట్టేసి మూడు వేసి, కాగితం స్కాన్ చేసి పంపేసరికి నాలుగూ నలభై ఒకటి. తెర మీద ఆకుపచ్చ గుర్తు పడింది.

"గట్టెక్కించావక్కా," అన్నాడు మాస్టారు.

ఆమె వినలేదు. ముప్ఫై తొమ్మిదేళ్లుగా జవాబు తెలుసనుకున్న ప్రశ్న ఒకటి ఇప్పుడు కొత్తగా కనిపిస్తోంది. ఈ రాత్రి అడగాలి. దెప్పినట్టు కాకుండా అడగాలి. ఎందుకు పెట్టలేదమ్మా అంటే దెప్పినట్టే ఉంటుంది. నేనేమైనా అంటానని భయపడ్డావా అమ్మా అంటే? అమ్మకి ఆ రోజు గుర్తుంటుందా? తలుపు గడియ గుర్తుంది కదా, అదీ ఉంటుంది.

ఐదింటికి రిసీవరు యథాస్థానంలో పెట్టి, సొరుగులోంచి ఫోను తీసింది. టైలరమ్మ నుంచి నాలుగు కాల్స్. తిరిగి చేసింది.

"పిన్నీ... వచ్చెయ్యండి."

"కింద పడిందా?"

"పడలేదు. వచ్చెయ్యండి."

బస్సులో కూర్చోడానికి చోటు దొరికినా ఆమె నిలబడే ఉంది. ప్రశ్నని అటు మార్చి, ఇటు మార్చి చూసుకుంటూనే ఉంది. విషయం అర్థమయ్యాక కూడా, మూడు స్టాపుల దాకా మానలేకపోయింది.

ముందు గదిలో మిషను ఆగిపోయి ఉంది. సూది కింద ఎవరిదో గౌను సగం కుట్టి ఉంది. లోపల టైలరమ్మ గోడకి ఆనుకుని లేచి నిలబడింది.

"మూడున్నరకి నీళ్లడిగితే తాగించాను. మళ్లీ నిద్రపోయింది. నాలుగయ్యేసరికి చూస్తే ఊపిరి లేదు. సందు చివరి డాక్టరు వచ్చి చూశాడు, ఏ బాధా పడలేదన్నాడు. ఆఫీసు నంబరుకి తొమ్మిదిసార్లు చేశాను పిన్నీ. ఎంగేజ్ అనే వచ్చింది."

"నేనే తీసి పక్కన పెట్టాను," అంది ఆమె.

మంచం అంచున కూర్చుంది. తల్లి జడ పొద్దున అల్లినట్టే భుజం మీద ఉంది. బాండు బిగుతుగా ఉంది. వదులు చేద్దామని వేలు దూర్చి, మళ్లీ తీసేసింది. బుగ్గలు గుంటలు పడి, పెదవులు లోపలికి ముడుచుకుపోయి, ఆ ముఖం ఎవరిదో పెద్దావిడ ముఖంలా ఉంది.

"అన్నం తిన్నాక కడిగి పెట్టమని తనే తీసి ఇచ్చింది," అంది టైలరమ్మ, కళ్లు తుడుచుకుంటూ. "వెంటనే నోట్లో పెట్టి ఉంటే సరిపోయేది. నాకు తోచలేదు పిన్నీ. ఇప్పుడు దవడ బిగుసుకుపోయింది."

కిటికీ గట్టు మీద గాజు గ్లాసులో, నీళ్లలో మునిగి, అమ్మ పళ్ల సెట్టు పై వరసా కింది వరసా ఒకదాని మీద ఒకటి ఆని ఉన్నాయి; రెండు వరసల మధ్య ఒక చిన్న గాలిబుడగ, పైకి రాకుండా, అక్కడే అంటుకుని ఉంది.