సంచి చూసుకునే మనిషి

పీలమేడులో మా సంస్థ ఏ ప్రభుత్వానికీ చెందింది కాదు. ఉగ్రవాదం మీద, దేశ భద్రత మీద పరిశోధన చేస్తాం. నా పని జరగని దాడులు రాయడం. ఫలానా చోట బాంబు పేలితే ఏం చేయాలో పోలీసులకి నేర్పడానికి, ఎవరు పెట్టారు, ఎలా పెట్టారు అని నేను కూర్చుని కల్పించాలి. దీనికి జీతమిస్తారంటే మా ఇంట్లో ఇప్పటికీ నమ్మరు.

ఈసారి మాకు ఐదు గంటల దూరంలో ఉన్న మదురై మాట్టుతావణి బస్టాండు రాశాను. ఎవరికీ అనుమానం రాకుండా దుండగుడు సంచి వదిలి వెళ్ళాలి. ఎలాగన్నది ఎంతకీ తెగలేదు. అప్పుడు మా తిరుమలమ్మాళ్ అత్త గుర్తొచ్చింది. తమిళం మాట్లాడే ఆ ఊళ్ళో రెండు ముక్కలు తెలుగులో మాట్లాడితే చాలు, ఎవడైనా ఆవిడకి చుట్టమైపోతాడు. వాడు చూసుకోమన్న సంచి వదిలి అంగుళం కదలదు. పేరు పెట్టలేదు గానీ, రెండు ముక్కుపుడకలతో సహా ఆవిడని దించేశాను. 'స్థానికుల మంచితనమే ఇక్కడ బలహీనత' అని కింద రాసి, భలే కుదిరిందని మురిసిపోయాను కూడా. సిగ్గులేనిదాన్ని.

ఎవరికీ చూపించలేదు. మర్నాడు ఉదయం అత్త ఫోన్ చేసింది.

"జననీ, మాట్టుతావణిలో ఉండాను, విరుదునగర్ బస్సుకి. ఒక తంబి సంచి చూసుకోమని పోయినాడు. మనోడే, తెలుగు మాట్లాడినాడు. నిన్ను తెలుసంట."

"ఏ రంగు సంచి అత్తా?"

"నీలం."

నేను రాసిందీ నీలమే. టైం పదకొండూ పది. నా రాతలో అది పేలేది పదకొండూ ఇరవైకి.

"లేచి బయటికి వచ్చేయి."

"నువ్వు అట్లే అంటావని చెప్పినాడులే. జనని తనే రాసుకుని తనే భయపడతా ఉండాది, మీరు లేవొద్దు అనినాడు."

ఆ ఫైలు నా కంప్యూటరు దాటలేదు. పక్క సీటు కదిరవన్‌తో పోలీసులకి ఫోన్ చేయించాను. మీకెలా తెలుసని వాళ్ళడుగుతుంటే అతను నా మొహం చూస్తున్నాడు. అత్తని బతిమాలాను, తిట్టాను. మాటిచ్చానంటుంది తప్ప కదలదు. పదకొండూ పదహారు. తన కోసం ఆవిడ లేవదు. ఇంకొకరికి కష్టమంటే లేస్తుంది.

"అత్తా, నేనూ మదురైలోనే ఉండాను. గేటుకాడ బస్సు దిగతా పడిపోయినాను. రక్తం పోతా ఉండాది."

"అయ్యో నా తల్లీ, వస్తా ఉండా."

హమ్మయ్య అనుకున్నాను. అంతలో ఆవిడ పక్కకి తిరిగి ఎవరితోనో అనడం వినిపించింది. "అమ్మా, ఈ సంచి కొంచెం చూసుకో. ఇప్పుడే వస్తా."

"ఎవరికి చెప్పినావు?"

"పక్కన ఒక పిల్ల, ఒళ్ళో బిడ్డ. మనోళ్ళే, పరవాలేదు." పరుగు మొదలుపెట్టినట్టుంది, రొప్పుతోంది.

పదకొండూ పద్దెనిమిది. వెనక్కి పోయి ఆ పిల్లని లేపు అని నేను ఒక్క మాట అనాలి. అంటే అత్త పోతుంది. తప్పకుండా పోతుంది.

"సీక్కిరం రా అత్తా, తొందరగా," అన్నాను.