మూఢం పట్టింపు లేని డ్రైవు

డేటా సెంటర్‌లో పనిచేసి వచ్చిన స్టోరేజ్ డ్రైవు ఇవాళ్టి నుంచి నా లాప్‌టాప్‌లో ఉంటోంది. లోపల దానికి ఉన్న చోటు కంటే అది రెండు వేళ్ళు పొడుగు. అందుకని లాప్‌టాప్ రెండు వేళ్ళు సాగింది. లాప్‌టాప్ కింది బల్ల, బల్ల వెనక గోడ కూడా సాగాయి. స్క్రూ బిగించి మూత పెట్టేసరికి మా హాలు నిన్నటి కంటే ఒక చాప వెడల్పు ఎక్కువుంది.

"ఏవండీ, మీరేమన్నా దూరం జరిగారా?" హాల్లో కట్టిన అడ్డుతెర అవతల నుంచి సుభాషిణి అడుగుతుంది.

"నేను కదల్లేదు. గదే జరిగింది," అంటాను.

"అలాగా. కాఫీ గ్లాసు అందట్లేదు, అందుకని అడిగానండి."

సుభాషిణి నా భార్య. అంటే దాదాపుగా భార్య. మా పెళ్ళి వీడియో ఇంకా పూర్తి కాలేదు కాబట్టి మా పెళ్ళి కూడా పూర్తి కాలేదు. వీడియో జీలకర్ర బెల్లం దగ్గర ఆగిపోయింది. అక్కడ ఆగింది కనుక మా మధ్య అడ్డుతెర ఎవరూ దించలేదు. తెర ఒక కొస కిటికీ ఊచకి, ఇంకో కొస బీరువా పిడికి కట్టి ఉంది. కాఫీ, అన్నం, ఇస్త్రీ బట్టలు అన్నీ తెర కింద నుంచే వస్తాయి. ఆమె కాలి వేళ్ళు నాకు బాగా తెలుసు. ముఖం మాత్రం పెళ్ళిచూపుల్లో చూసిందే.

నేను పెళ్ళి వీడియోలు ఎడిటింగ్ చేస్తాను. తణుకు చుట్టుపక్కల ఏ కల్యాణమండపంలో బాజాలు మోగినా, సాయంత్రానికి ఆ కెమెరా కార్డు నా బల్ల మీద ఉంటుంది. ఎదురుకోలు నుంచి అప్పగింతల దాకా కోసి, అతికించి, పాటలు పెట్టి ఇస్తాను. ఊళ్ళో అందరి పెళ్ళిళ్ళూ పూర్తి చేశాను, మాదే మిగిలింది. సీజన్‌లో ఊపిరి సలపదు. మూఢం వచ్చి ముహూర్తాలు ఆగితే తప్ప సొంత పని చూసుకోవడం కుదరదు. మూఢం వస్తే కాసేపు నడుం వాలుస్తాను. లేచేసరికి ముహూర్తాలు మళ్ళీ మొదలై ఉంటాయి.

సుభాషిణి అలా నడుం వాల్చింది లేదు. ముహూర్తం తెల్లవారుజామున అని ఆ రాత్రి ఆమెను నిద్రపోనివ్వలేదు. "పీటల మీద కూర్చున్న పిల్ల కునుకు తియ్యకూడదండి," అంటుంది. పెళ్ళి కాగానే పడుకుందామని అప్పటి నుంచీ మెలకువగా ఉంది. బాసికం దారం నుదుటి మీద ఒరుసుకుంటోందని అప్పుడప్పుడూ చెబుతుంది. రోజూ పొద్దున్నే జీలకర్ర, బెల్లం కొత్తగా నూరి తమలపాకులో పెట్టుకుని కూర్చుంటుంది. అది ఎండిపోయాక చీమలకు వేస్తుంది. ఈ మధ్య మాట మొదలుపెట్టి సగంలో మరిచిపోతోంది. ఉప్పు అడిగితే దువ్వెన ఇస్తోంది. నాకు భయంగా ఉంది. ఆమె ఈ మూఢంలోనన్నా నిద్రపోకపోతే నాకు దక్కదు.

మా పెళ్ళి ఉన్న పాత డిస్కు టిక్కు టిక్కుమంటోంది. అది పోతే పెళ్ళీ దానితో పోతుంది. అందుకే విజయవాడ వెళ్ళి, పాత కంప్యూటర్ సామాన్లు అమ్మే మస్తాన్ గారి దగ్గర ఈ డ్రైవు తీసుకున్నాను.

"దీని సంగతి వేరు సార్," అన్నారాయన, డ్రైవును అరచేతిలో పడుకోబెట్టి. "లక్షమంది ఒక్కసారే అడిగినా విసుక్కోకుండా ఇచ్చిన ఘటం. నిద్రపోవడం తెలీదు దీనికి. కరెంటు పోయిందనుకోండి, మొదలెట్టిన పని పూర్తిచేసి గానీ ఆగదు. అంతవరకూ సరిపడా ఊపిరి లోపల దాచుకుంటది."

"లాప్‌టాప్‌లో పెట్టుకోవచ్చా?"

"శుభ్రంగా పెట్టుకోవచ్చు. అక్కడ అది ఊరుకుంటదా అన్నది నన్నడక్కండి."

మూఢంలో కొత్త వస్తువు బిగించకూడదని సుభాషిణి పట్టుబట్టింది. ఇది కొత్తది కాదు, వాడి తీసేసిన పాతది, పాతవాటికి మూఢం పట్టింపు లేదని సర్దిచెప్పాను. ఆమెకు నమ్మకం కుదరడానికి, మూత పెట్టేముందు డ్రైవుతోనే గట్టిగా అన్నాను: "నీకు మూఢం లేదు." అదీ నేను చేసిన తెలివితక్కువ పని. డ్రైవు ఆ మాట రాసి పెట్టుకుంది.

ఇప్పుడు మా పెళ్ళిని పాత డిస్కులోంచి దీంట్లోకి ఎక్కిస్తున్నాను. రెప్ప వేసేలోగా అయిపోతుంది. పాత డిస్కు చివరి టిక్కు కొట్టి చల్లబడుతుంది. తర్వాతి పనేమిటని డ్రైవు అడుగుతుంది. ఇంకేమీ లేదు, మిగతాది నేను మెల్లగా చేసుకుంటాను అంటాను. అది వేడెక్కుతుంది. బ్యాటరీని ఒక్క గుక్కలో తాగేసి, వైరు మీద పడుతుంది.

దానికి గాలి కూడా కావాలి. పాత ఉద్యోగంలో చల్లగాలి ఎడతెరిపి లేకుండా వీచేదట. కాసేపటికి సుభాషిణి కూర్చున్న తూర్పు వైపు గోడలోంచి గాలి బయల్దేరి, నా వెనకున్న పడమటి గోడలోకి వెళ్ళిపోవడం మొదలవుతుంది. కేలెండర్ గోడకు అడ్డంగా నిలబడింది. పక్కింటివాళ్ళు తడి చీరలు తెచ్చి మా హాల్లో ఆరేసుకుంటున్నారు, వద్దంటే బాగుండదు. అడ్డుతెర నా వైపు ఉబ్బుతోంది. అంచు కాస్త లేస్తే ముఖం కనబడుతుందేమోనని మెడ సాచి చూస్తాను. సుభాషిణి బొటనవేలితో తెరను నేలకు నొక్కి పడుతుంది.

"మనుషులు దించాల్సింది గాలికి లేస్తే చెల్లదండి," అంటుంది.

పొద్దు గూకడం కూడా మానేసింది. డ్రైవుకు రాత్రి అలవాటు లేదు కనుక రాత్రి మా వీధిలోకి రాకుండా పక్క వీధిలోంచే వెళ్ళిపోతోంది. పాలాయన ఒకసారి పాలు పోసి, మళ్ళీ ఎప్పుడు రావాలో తెలియక గుమ్మం దగ్గరే కూర్చున్నాడు.

ఎవరో తలుపు కొడుతున్నారు. తీస్తే పెళ్ళికొడుకు, పెళ్ళికూతురు, మధ్యలో తెర పట్టుకుని ఇద్దరు ముత్తయిదువలు.

"మూఢంలో పెళ్ళేమిటండీ?" అంటాను.

"తమరింట్లో మూఢం లేదంట కదండీ," అంటుంది ఒకావిడ, చెప్పులు విప్పుతూ. "కబురొచ్చిందండి."

వాళ్ళ వెనక ఇంకో జంట, వాళ్ళ వెనక మరో జంట. వరస రైల్వే గేటు దాకా ఉంది. కొందరి భాష నాకు తెలియదు. అందరి చివరా స్వెట్టర్ వేసుకుని, మెళ్ళో ఐడీ కార్డుతో ఒకాయన వస్తాడు. ఈ ఎండలోనూ ఆయన చేతులు రుద్దుకుంటున్నాడు. డ్రైవు పాత కొలువు నుంచి, దాని బాగోగులు చూడడానికి వచ్చానంటాడు.

"పని తక్కువైతే దీని ఒంట్లో బాగుండదు," అంటాడు.

"మాది ఒక్క పెళ్ళేనండి. అది చేసి పెడితే చాలు."

"ఒక్కటైతే దానికి కనబడదు. లక్షలో ఒకటైతే కనబడుతుంది."

"మా వంతు ఎప్పుడొస్తుంది?"

"వంతులుండవు. అందరివీ ఒకేసారి అవుతాయి. చేసేవాళ్ళు మీరే ఒక్కరున్నారు, అది ఇబ్బంది." ఆయన నా వంక జాలిగా చూసి, నా కుర్చీ వెనక నిలబడతాడు.

నేను కూర్చుని అందరి పెళ్ళిళ్ళూ చేస్తున్నాను. ఒక్కో పెళ్ళికి హాలు రెండు వేళ్ళు సాగుతోంది. ఇప్పుడు నా బల్లకీ సుభాషిణికీ మధ్య పీటలు, పందిళ్ళు, మూకుళ్ళు, పడుకున్న చుట్టాలు ఉన్నారు. ఆమె కాలి వేళ్ళు కనబడడం లేదు. కాఫీ చేతులు మారి వస్తోంది, తలా ఒక గుక్క తాగాక నాకు అడుగున ఉన్న పంచదారే మిగులుతోంది. గాలి ఆమె వైపు నుంచి వస్తుంది కాబట్టి ఆమె మాటలు నాకు వినబడతాయి. నావి ఆమెకు చేరవు.

నాకు రావాల్సిన నిద్ర కుడిచేతి దాకా వచ్చి ఆగిపోయింది. చెయ్యి భుజం దగ్గర్నుంచి గురకపెడుతోంది, వేళ్ళు మాత్రం మీటలు నొక్కుతున్నాయి. ఏడుపొస్తోంది. జన్మలో ఎవరి పెళ్ళీ చూడకూడదనిపిస్తోంది. స్వెట్టరాయన నా భుజం మీద చెయ్యేసి, బాగా చేస్తున్నారు, ఇలాగే కానివ్వండి అంటాడు.

అప్పుడు గాలిలో సుభాషిణి గొంతు వస్తుంది.

"ఏవండీ, నేను ఎవరి పెళ్ళిలో కూర్చున్నానండీ?"

లాప్‌టాప్‌ను చంకలో పెట్టుకుని లేస్తాను. చొక్కాలోంచి దాని వేడి చురుక్కుమంటోంది. వైరు వెనక ఈడ్చుకుంటూ నడుస్తాను. పీటలు దాటుతుంటే పెళ్ళికూతుళ్ళు తలలెత్తి మాది ఎంతవరకొచ్చిందని అడుగుతున్నారు. అయిపోవచ్చిందమ్మా, అయిపోవచ్చింది అంటూ నడుస్తాను. కల్యాణమండపాలు దాటాక ఒక బియ్యం మిల్లు వస్తుంది, అది కూడా మా హాల్లోనే ఉంది. అదీ దాటితే మా తెర. తెర కింద సుభాషిణి కాలి వేళ్ళు. పారాణి ఇంకా చెరగలేదు. చూసి ప్రాణం లేచొస్తుంది.

ఇంకో నాలుగడుగులున్నాయనగా వైరు బిగుసుకుంటుంది.

"వైరు చాల్లేదు," అంటాను. ఇంత దగ్గరకొస్తే నా మాట ఆమెకు వినబడుతుంది.

"అయితే పీకెయ్యండి."

"పీకితే పోతుంది సుభాషిణీ. ఇన్ని పెళ్ళిళ్ళ గొడవలో ఎక్కించిన మన పెళ్ళిని ఇంకా సేవ్ చెయ్యలేదు. పాత డిస్కు కూడా పోయింది. ఎదురుకోలులో మీ నాన్నగారు నవ్విన నవ్వు, మీ పిన్ని పాడిన పాట, ఏదీ ఉండదు. కరెంటు తెగే వేళకి మొదలుపెట్టిన పని ఏదుంటే అదొక్కటే మిగులుతుంది."

తెర కింద ఆమె కాలి వేళ్ళు కదలడం మానేస్తాయి. నిద్రపోయిందేమోనని ఆశపడతాను.

"మా నాన్న నవ్వు నాకు గుర్తుందండి," అంటుంది. "మీ మొహమే గుర్తు లేదు."

వైరును ఇంకోసారి లాగి చూస్తాను.

"ఆలోచించకండి. నాకు ఒళ్ళు తూలిపోతందండి. ఏం మొదలెట్టాలో మీకు తెలుసు కదా, మొదలెట్టేసి పీకండి." తెర కింద నుంచి తమలపాకు ఒకటి జారి, నాలుగడుగుల నేల దాటి నా కాళ్ళ దగ్గర ఆగుతుంది. అందులో నా వంతు జీలకర్ర బెల్లం, తడిగా ఉంది.

ఆకు తీసుకుంటాను. చెయ్యి చాచి మొదటి అడుగు వేస్తాను. వైరు ఊడుతుంది.

గాలి ఆగుతుంది. స్వెట్టరాయన ఏదో చెప్పబోయి, ఆ మాట సగంతో సహా లేకుండా పోతాడు. జంటలు, ముత్తయిదువలు, తడి చీరలు, పిన్ని పాట, మామగారి నవ్వు వరసగా ఆరిపోతున్నాయి. నవ్వు వెళుతూ నా చెవి పక్కనుంచి వెళుతుంది. చంకలో డ్రైవు దాచుకున్న ఊపిరి బయటికి తీస్తుంది. ఆ ఊపిరితో నాతో రెండో అడుగు వేయిస్తుంది, మూడోది వేయిస్తుంది, నాలుగోది వేయిస్తుంది. పీట ముందు చతికిలబడి తెర మీదుగా చెయ్యి పెడతాను. అరచేతి కింద ఆమె తల వెచ్చగా తగులుతుంది. అదే క్షణంలో నా నడినెత్తిన చల్లగా ఏదో అంటుకుంటుంది. అది ఆమె చెయ్యి.

తెర దిగుతుంది. దించేవాళ్ళు ఎవరూ లేరు, పని మొదలైంది కాబట్టి దిగుతుంది.

పెళ్ళిచూపుల్లో చూసిన ముఖం కాదు. కళ్ళ కింద నలుపు, పాపిట పక్కన నెరిసిన వెంట్రుకలు, బాసికం దారం ఒరుసుకుని నుదుటి మీద పడిన గాడి. ఎంత బాగుందో. ఇన్నేళ్ళూ ఈ ముఖం గుడ్డకి అవతలే ఉంది.

"మీరేనా?" అంటుంది.

"నేనే."

"బాగా నలిగిపోయారండి," అంటుంది. అని కళ్ళు మూస్తుంది. ఆమె తల బరువంతా నా అరచేతిలోకి వస్తుంది. సుభాషిణి నిద్రపోతోంది.

నేను చెయ్యి తియ్యను. తీస్తే పని అయిపోతుంది, పని అయిపోతే డ్రైవు ఊపిరితో పాటు ఈ క్షణం కూడా అయిపోతుంది. అయ్యేదాకా అది ఆగదని మస్తాన్ గారు చెప్పారు. కనుక నేను కానివ్వను. నా కుడిచెయ్యి ఎలాగూ ఇందాకే నిద్రపోయింది, దానికి నొప్పి తెలియదు.

తలెత్తి చూస్తే అక్షింతలు. లక్ష పెళ్ళిళ్ళవాళ్ళు పోతూ పోతూ విసిరినవి, మా మీద పడకుండా గాలిలోనే ఆగి ఉన్నాయి. ఒక్కో గింజకీ డ్రైవుకున్నట్టే చిన్న పచ్చదీపం వెలిగి ఆరుతోంది. సుభాషిణి ఊపిరి తీసినప్పుడు అవన్నీ కొంచెం కిందికి దిగుతాయి, వదిలినప్పుడు పైకి లేస్తాయి. దంచిన బియ్యం మొలకెత్తవు. ఇవి మొలకెత్తుతున్నాయి. మొక్కలు పైకప్పు వైపు పెరుగుతుంటే తెల్లటి వేర్లు మా మీదికి దిగుతున్నాయి. అన్నిటికంటే పొడుగైన వేరు సుభాషిణి తల వెనక్కి చేరి, ఆమెకు మెలకువ రాకుండా, బాసికం ముడి విప్పుతోంది.