నేను అప్పజెప్పించిన మాటలు

"ఎనిడ్, టీ చల్లారిపోయింది. మళ్ళీ పెట్టు," అన్నాడు లయొనెల్, నాటకం ప్రతిలోంచి తలెత్తకుండానే.

మొగుడూ పెళ్ళాలం ఇద్దరం ఇంగ్లండులో హడర్స్‌ఫీల్డ్ అనే ఊళ్ళో ఒకే నాటక కంపెనీలో నటులం. వారానికొక కొత్త నాటకం. అతను కథానాయకుడు. నేను పళ్ళెం పట్టుకొచ్చి, "టీ తెచ్చానమ్మగారూ" అని వెళ్ళిపోయే పనిమనిషిని. పదకొండేళ్ళు అదే వేషం. ఇంటికొచ్చినా అదే, కాకపోతే ఇక్కడ చప్పట్లుండవు. "ఇద్దరూ మొహాలకి రంగు పూసుకు తిరిగితే వంటెవరు చేస్తారమ్మాయ్?" అని మా అత్తగారు పెళ్ళినాడే అడిగింది. జవాబు ఆవిడకీ తెలుసు, నాకూ తెలుసు. రోజూ పొద్దున్నే బంగాళాదుంపలు చెక్కు తీస్తూ లయొనెల్‌కి మాటలు అప్పజెప్పించేదాన్ని. అతను ప్రియుడైతే నేను ప్రియురాలిని, అతను కొడుకైతే నేను తల్లిని, అతను దొంగైతే నేను జడ్జిని. అతనికి ఆ మాటలు వారం గుర్తుండేవి. నన్ను మాత్రం వదిలేవి కావు.

ఒక శనివారం మధ్యాహ్నం, ఆటకి గంట ముందు, నాయిక వేషం వేసే వెరోనికాకి గొంతు పోయింది. మేనేజర్ హోల్రాయిడ్ తల పట్టుకున్నాడు.

"టిక్కెట్లన్నీ అమ్ముడైపోయాయి. జనానికి ఏం చెప్పను?"

"ఆ మాటలన్నీ నాకు వచ్చు," అన్నాను.

లయొనెల్ పకపకా నవ్వాడు. "నీకెలా వస్తాయే?"

"రోజూ నీ ఎదురుగా కూచుని చెప్పిందెవరు, బంగాళాదుంపలా?"

వెరోనికా గౌను నడుము దగ్గర పట్టలేదు. పిన్నులు పెట్టించుకుని స్టేజీ ఎక్కాను. పళ్ళెం లేని చేతుల్ని ఏం చేసుకోవాలో ఒక నిమిషం తెలియలేదు. తర్వాత అవి వాటంతటవే లేచాయి. మూడో అంకంలో లయొనెల్ మాట మరిచిపోయాడు. అలవాటుకొద్దీ గుసగుసగా అందించబోయి, ఆగాను. అతని కళ్ళలోకి చూసి, "నువ్వు చెప్పలేవులే, నేనే చెబుతాను" అని, అతని మాట కూడా గట్టిగా నేనే చెప్పేశాను. హాలంతా గొల్లున నవ్వి చప్పట్లు కొట్టింది. ఆ చప్పట్లు నాకు అరికాళ్ళలోంచి పైకి పాకాయి.

తెర పడ్డాక, సినిమాకి నటుల్ని వెతుక్కుంటూ లండన్ నుంచి వచ్చిన మిస్ ట్రెంట్ లోపలికొచ్చింది. లయొనెల్ చెయ్యి చాపాడు. ఆవిడ అతన్ని దాటొచ్చి నా చెయ్యి పట్టుకుంది.

"సోమవారం స్టూడియోకి రాగలరా? పనిమనిషి వేషం కాదు సుమా!"

లయొనెల్ తెల్లబోయాడు. "సోమవారమా? సోమవారం బట్టలుతికే రోజు కదా!"

"సబ్బు కిటికీలో ఉంది. బట్టలు పిండే మర నెమ్మదిగా తిప్పు, గుండీలు ఊడతాయి," అన్నాను.

ఆ తర్వాత నలభై ఏళ్ళు స్టేజీ మీదా తెర మీదా రాణినయ్యాను, హంతకురాలినయ్యాను, ఒకసారి ఓడ కెప్టెన్‌ని కూడా అయ్యాను. ఏ సోమవారమూ బట్టలుతకలేదు.