నల్ల సంచీలో సీసా

బోర్లా పడుకోబెట్టిన రోగి ఛాతీ కింద దిండు సర్దుతూ "ఊపిరి బిగబట్టకు తమ్ముడూ" అంది ఆయా. ఊపిరే అందనివాడికి ఆ మాట చెప్పడమేమిటని తనకే నవ్వు రాబోయింది గానీ, నవ్వే సమయం కాదది.

మంచం మీదున్నది అంబులెన్సు డ్రైవరు. ఇన్నేళ్ళూ రోగుల్ని ఈ వార్డు గుమ్మం దాకా తెచ్చి అప్పగించినవాడు, ఊపిరితిత్తులు చెడి ఇప్పుడు తానే వచ్చి పడ్డాడు. వార్డులో కొత్త మందును పరీక్షిస్తున్నారు. సగంమందికి మందు, సగంమందికి ఉత్త సెలైను. ఎవరికేది ఎక్కుతోందో డాక్టరుకు సైతం తెలియకూడదని సీసాలన్నిటికీ నల్ల సంచీలు తొడిగారు. ఆ పరీక్షకు అతను ఒప్పుకున్నది ఆయా నచ్చజెప్పబట్టే. నిన్న "నాకెక్కేది మందేనా అక్కా?" అని అడిగితే, నోరు ఊరుకోక "మందే, నాకు తెలీదూ?" అనేసింది.

ఆ మాటే ఇవాళ మెడకు చుట్టుకుంది. గొంతులో గొట్టం వేయాలని డాక్టరమ్మ అంటే, అతను మాస్కు కిందనుంచే వద్దన్నాడు.

"మందు పడుతోందిగా. ఆగండి."

మిషను మీద ఆక్సిజన్ అంకె దిగిపోతూనే ఉంది. డాక్టరమ్మ పక్క మంచం వైపు తిరగగానే ఆయా అతని చెవి దగ్గర వంగింది.

"నీతో అబద్ధమాడాను తమ్ముడూ. అది మందో నీళ్ళో నాకు తెలీదు. గొట్టం వేయించుకో."

అతను ఊపిరి కూడదీసుకున్నాడు. "తెలుసక్కా. నేనూ బండిలో... అందరికీ... వచ్చేశాం, వచ్చేశాం అనేవాణ్ణి. సగం దారి కూడా... అయ్యేది కాదు."

"మరెందుకు వద్దన్నావు?"

"గొట్టమంటే భయం."

"నేను చెయ్యి పట్టుకుంటాలే."

అతను తలాడించాడు. ఆమె డాక్టరమ్మను పిలిచింది. నలుగురు కలిసి అతన్ని వెల్లకిలా తిప్పారు. మత్తు ఎక్కేదాకా ఆయా అతని చెయ్యి వదలకుండా "వచ్చేశాం తమ్ముడూ, వచ్చేశాం" అంటూనే ఉంది.

గొట్టం సజావుగానే పడింది. అయినా సాయంత్రం, ఆమె పక్క మంచం దుప్పటి మారుస్తుండగా, అతని గుండె ఆగింది. డాక్టరమ్మ ఛాతీ నొక్కీ నొక్కీ చివరికి చేతులు తీసేసింది. ఆయా కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది.

"ఆ సంచీ ఒక్కసారి విప్పి చూడొచ్చా అమ్మా?"

"పరీక్ష అంతా అయ్యేదాకా నేనూ చూడకూడదు."

ఆయా అతని ముఖం తడిగుడ్డతో తుడిచి దుప్పటి కప్పింది. మంచాన్ని తోసుకుపోయారు. స్టాండుకు వేలాడే నల్ల సంచీలో, సగం మిగిలిన సీసా ఇంకా కొంచెం కొంచెంగా ఊగుతోంది.