మగ్గం ఎరగని నేతగాడి బ్యాటు

నేను ఒక బ్యాటును, బాల్ బ్యాడ్మింటన్ బ్యాటును. కుదురుగా ఉండమంటే నా వల్ల కాదు. కర్రకు ఆవిరి పట్టించి వంచి, తీగలు బిగించి నన్ను చేసినవాడెవరో నాకు తెలియదు. కొన్నది మాత్రం విజయనగరం దగ్గరి ఒక జనపనార మిల్లు. పోటీల్లో గెలవాలని దాని యజమానులకు మహా ఉబలాటం. అందుకే ఇప్పిలి సన్యాసి అనే మంచి ఆటగాణ్ని తెచ్చి నన్ను అతని చేతికిచ్చారు. ఆటకు జీతమివ్వడానికి రూలు ఒప్పుకోదట. మనుషులకు రూలంటే ఎంత భక్తో! కాగితం మీద అతన్ని నేతగాడని రాసేశారు.

పదకొండేళ్లు! బరంపురం, రాజమండ్రి, ఖరగ్‌పూర్. పసుపుపచ్చ ఉన్ని బంతి ఎక్కడ పడితే సన్యాసి అక్కడే. అన్నం తింటూ కూడా ఎడమచేత్తో నన్ను తిప్పుతూనే ఉండేవాడు. మగ్గాలు ఏ షెడ్డులో ఉంటాయో అతనికి తెలియదు.

తర్వాత మోకాలు మొరాయించింది. కొత్త మేనేజరు రిజిస్టరు తిరగేశాడు.

"పదకొండేళ్ల సీనియరువి. రేపట్నుంచి మగ్గం మీదికెళ్లు. నెయ్యలేకపోతే ఇంటికెళ్లు."

మర్నాడు మగ్గం ముందు సన్యాసికి చెమటలు పట్టాయి. తెగిన పోగుకు ముడి వెయ్యడం కూడా రాదు. ఉద్యోగం ఊడినట్టే అనుకున్నాను. ఇంతలో పక్క మగ్గం అసిరయ్య వచ్చి చకచకా ముడేశాడు.

"ఈ మగ్గం నాకు కొత్తేటి? ఇన్నేళ్లూ నా మగ్గం, నీ పేరునున్న ఈ మగ్గం రెండూ నానే నడిపినాను."

సన్యాసి బిత్తరపోయాడు. "మరి నా ఆట ఎప్పుడైనా సూసినావా మావా?"

"ఎలా సూత్తాను? నువ్వాడినప్పుడల్లా నానిక్కడే గదా."

నాకు సిగ్గేసింది. ఆ చప్పట్లన్నీ మా ఇద్దరివే అనుకుని మురిసిపోయాను మరి.

నాలుగు నెలల్లో అసిరయ్య అతనికి నేత నేర్పాడు. ఉద్యోగం నిలిచింది. ఒక ఆదివారం సన్యాసి పాత జట్టువాళ్లను బతిమాలి పిలిచి, అసిరయ్యను కోర్టు పక్కన బెంచీ మీద కూర్చోబెట్టి, కుంటుతూనే ఆడాడు. పది బంతుల్లో ఆరు తప్పాడు. నేను గింజుకున్నాను. ఏది కొట్టినట్టో ఏది తప్పినట్టో తెలియని అసిరయ్య పదింటికీ చప్పట్లు కొట్టాడు. సన్యాసి కళ్లు తుడుచుకుని నన్ను అతని ఒళ్లో పెట్టేశాడు.

ఇప్పుడు అసిరయ్య ఇంట్లో మేకుకు వేలాడుతున్నాను. చుట్టాలెవరొచ్చినా నన్ను దించి చూపిస్తాడు.

"మా సన్నాసి ఒక్క బంతీ ఇడిసిపెట్టీవోడు కాడు. నాను కల్లారా సూసినాను."